వరహాలక్కకు ఎడంపక్క

వైశాఖ శుద్ధ తదియ

గాలి దక్షిణం. నీరు నెమ్మది. లంగరు తాళ్లు నాలుగూ బిగువుగా ఉన్నాయి. మంచినీళ్ల పీపాలు సగానికి పైన. మేక ఆరోగ్యంగా ఉంది.

మేక సంగతి ఇక్కడెందుకని మా సరంగు వీర్రాఘవులు అడుగుతాడని తెలుసు. తెప్ప దినచర్య అంటే గాలి, నీరు, తాళ్లు, పీపాలు, అంతేనంటాడు. ఊరంత ఉన్న ఈ ఏడో తెప్పను నడిపించే బాధ్యత అతనిది కాబట్టి అనవచ్చు. దినచర్య రాసే పనికి ఇంకెవరూ ముందుకు రాలేదు కాబట్టి నా ఇష్టమొచ్చినట్టు నేనూ రాయవచ్చు. ఒకరి పని జోలికి ఒకరం పోకుండా ఇన్నేళ్లూ నెట్టుకొచ్చాం.

ఇవాళ మెట్ట నుంచి మామిడికాయల పడవ వచ్చింది. నీళ్లు మింగకుండా వదిలేసిన నేలంతా మాకు మెట్టే. ఆ పడవ వచ్చిన రోజు మా తెప్ప మీద పెళ్లి సందడి. కత్తిపీటలు బయటికొస్తాయి, ఆవాలు ఎండలోకి వస్తాయి, పిల్లలు కాళ్లకి అడ్డం వస్తారు. ఒక్క ఉప్పే రాదు. చుట్టూ సముద్రమంత ఉప్పు పెట్టుకుని ఇంటికింత అని తూకం వేయించుకునే జాతి భూమ్మీద మేమొక్కళ్లమే కాదు. ప్రపంచం మొత్తం మీద మనుషులు పక్షవాతంతో కుప్పకూలిపోతుంటే దేశాలన్నీ కూర్చుని చేసుకున్న ఉప్పు ఒప్పందం అది. మంచి ఒప్పందమే. చేసుకున్నవాళ్లలో ఆవకాయ తినేవాళ్లు లేరేమోనని మాత్రం నాకు అనుమానం.

ఈ విషయాలు నీకెలా తెలుసని అడిగితే, నేను చదువుకున్నది ఒక్కటే పుస్తకం. మా ఊళ్లోకి నీళ్లొచ్చిన రోజున లైబ్రరీలోంచి కొట్టుకుపోతున్న విజ్ఞాన సర్వస్వంలో ఒక సంపుటాన్ని మా నాన్న వలేసి పట్టాడు. 'ప' నుంచి 'మ' దాకా. పక్షవాతం, పట్టుపురుగు, ఫిడేలు, బంగాళదుంప, భూకంపం, మెదడు, వీటి గురించి నన్ను ఎవరైనా ఏమైనా అడగవచ్చు. గుండె గురించి అడగొద్దు. అది వేరే సంపుటం.

ఉప్పు ఎక్కువ తింటే చాడీలు చెప్పేది మొలతాడు. ఈ కాలంలో ఆడా మగా అందరికీ ఉంటుంది. రక్తపోటు, నాడి, నడక, తిండి అన్నీ కనిపెట్టి, ఇంట్లో గోడపెట్టెకి చెబుతుంది. గోడపెట్టె గొంతు పెద్దది. ఇరుగుపొరుగు వినేలా చెబుతుంది. ఇవాళ సాయంత్రం అది మా అక్క గురించి చెప్పింది చూడండి:

"వరహాలమ్మగారూ, అభినందనలు. మీ రక్తపోటు దివ్యంగా ఉంది. నడక బాగా పెరిగింది. ఆకుకూరలు విరివిగా తీసుకుంటున్నారు."

మా అక్క ఆకుకూర తినగా నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. పైగా ఇవాళ పొద్దున్నుంచీ ఆవిడ పీట దిగలేదు. "ఏంటే ఇది?" అన్నాను.

"మంచోళ్లకి మంచే జరుగుద్దిరా," అంది అక్క, ఆవపిండి జల్లిస్తూ.


వైశాఖ శుద్ధ సప్తమి

గాలి రాయలేదు. ఇవాళ గాలి చూడలేదు.

జరిగింది వరసగా రాస్తాను. 

పొద్దున మా అక్కకీ నాకూ టెంక ముక్క దగ్గర తగువొచ్చింది. ఇది ఇప్పటి తగువు కాదు. చిన్నప్పుడు భోజనాల దగ్గర నేనెప్పుడూ అక్కకు ఎడంపక్క కూర్చునేవాణ్ని. కారం తట్టుకోలేనని అమ్మ నా ఆవకాయ ముక్కను గ్లాసు నీళ్లలో కడిగి నా పళ్లెంలో వేసేది. అమ్మ అటు తిరగ్గానే అక్క ఎడం చెయ్యి వచ్చేది, టెంక ముక్క పోయేది. కడిగిన ముక్కలో ఏం రుచి ఉందే అంటే, నీ పళ్లెంలోది కాబట్టి రుచి అనేది. డెబ్బై దాటినా ఆ బుద్ధి పోలేదు. నిన్న రాత్రి నా పళ్లెంలోంచి మళ్లీ లాగేసింది. దానిమీద పొద్దున మాటా మాటా పెరిగి, ఇద్దరం మాట్లాడుకోవడం మానేశాం.

మా తెప్పల మీద ఎదురుపడిన మనుషులు దండం పెట్టుకునే తీరు వేరు. నవ్వాలి. రెండు చేతులూ తలపైకి ఎత్తాలి. ఎవరి పేరు వాళ్లు చెప్పాలి. జోడుదండం అంటాం. ఎత్తలేని చెయ్యి, వంకరపోయిన మూతి, తడబడిన మాట వెంటనే బయటపడాలని పెద్దలు ఎప్పుడో పెట్టిన పద్ధతి. ఇప్పుడు అలవాటుగా చేసేస్తాం. ఎందుకో ఎవరికీ గుర్తుండదు. ఇంట్లోవాళ్లతో మాత్రం ఎవరూ చెయ్యరు. అన్నం పెట్టే మనిషికి పేరు చెబితే నవ్వుతారు.

నేను చేశాను. కోపంగా ఉన్నాం కదా, పరాయివాళ్లమైనట్టు నటిద్దామని. ఆవిడ ఆవకాయ కలుపుతున్న చోటికి పోయి, ఇకిలించి, రెండు చేతులూ ఎత్తి, "నా పేరు గవర్రాజండీ," అన్నాను.

అక్క తలెత్తింది. నన్ను మించి నటించాలని ఆవిడా నవ్వింది. సగం మొహమే నవ్వింది. కారం అంటిన కుడి చెయ్యి పైకి లేచింది. ఎడం చెయ్యి జాడీ అంచు మీంచి జారి ఒళ్లో పడింది. "నా పే...రు వ...రాలు..." అంది. నాలుక మీద ఏదో బరువు పెట్టినట్టుంది మాట.

"అక్కా, ఎడం చెయ్యెత్తు."

"ఎత్తాను కదరా."

ఎత్తలేదు. ఎత్తాననే అనుకుంటోంది. కాస్సేపు పడుకుంటే సర్దుకుంటుందట. ఇంత ఆవకాయ కలపాలట. నాకు అరవడం ఒక్కటే తెలిసింది. అరిచాను.

ఎస్తేరు ఎగిరే పడవలో వచ్చింది. మూడు తెప్పలకూ కలిపి వైద్యం చూసే అమ్మాయి. రాగానే అక్క తలమీద గొడుగు విప్పింది. గొడుగు అంటే గొడుగులా ఉంటుందనే గాని, దాని కింద తల పెడితే మెదడు లోపల నెత్తురు ఎక్కడ ఆగిందో బొమ్మ పడుతుంది. కుడివైపు గడ్డ అడ్డుపడిందంది. గడ్డ కరిగే మందు నరంలోకి ఎక్కిస్తూ అడిగింది.

"ఎప్పుడు మొదలైందండీ?"

"ఇందాకే. చూస్తుండగానే."

"బతికించారు తాతగారూ. ఇది ఆలస్యమయితే పనిచెయ్యదండి." తర్వాత చేతిలో పలక చూసుకుని మొహం చిట్లించింది. "మరి మొలతాడు ఇలా చెబుతుందేంటండీ? నాడి చక్కగా ఉందట. బీపీ చక్కగా ఉందట. ఇప్పుడీ నిమిషంలో ఆవిడ పరిగెడుతున్నారట."

మేమిద్దరం ఒకేసారి అటు చూశాం. తెప్ప చివర్న మా మేక బంగారి, ఎవరి పాలకూర పీపాలోనో మూతి పెట్టి, వాళ్లు తరిమితే గెంతుతోంది. దాని మెడలో అక్క మొలతాడు.

ఉప్పు రుచి చూడకుండా ఆవకాయ కలపలేరు కదా. రుచి చూస్తే గోడపెట్టె ఊరంతా చాటుతుంది. అందుకని ఈ తెప్ప మీద ఆడవాళ్లు ఆవకాయ రోజుల్లో తలో దారీ వెతుక్కుంటారట. మేక నాడి మనిషి నాడికి దగ్గరగా కొట్టుకుంటుందని కనిపెట్టింది మాత్రం మా అక్కే. ఇంకొకరికెవరికైనా అయితే ఆ తెలివికి మెచ్చుకునేవాణ్ని.

అక్కను పడవలోకి ఎక్కిస్తుంటే నావైపు చూడకుండానే అంది. "జాడీకి... గుడ్డ... కట్రా. ఈగలు."


వైశాఖ బహుళ ద్వాదశి

గాలి తూర్పు. నీటిలో నాచు ఎక్కువ. పీపాలు తగ్గుతున్నాయి, వాన రావాలి.

అక్క ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చింది. మాట చాలావరకు తిరిగొచ్చింది. తిట్లు పూర్తిగా వచ్చేశాయి. ఎడం కాలు ఈడుస్తుంది, చేతికర్రతో నడుస్తుంది. ఎడం చెయ్యి వేళ్లు కదులుతున్నాయి. బీపీ మాత్ర పొద్దునొకటి వేసుకుంటుంది. కొత్త మొలతాడుకు ఎస్తేరు ఎలాంటి ముడి వేసిందంటే, పడవ తాళ్లకి వెయ్యవచ్చు. బంగారిని చూడ్డానికి రోజుకొకళ్లు వస్తున్నారు.

ఇంతవరకు బాగుంది. బాగా లేనిది ఇప్పుడు రాస్తాను.

మా అక్కకి ఎడంవైపు లోకం లేదు.

కన్ను పోలేదు. కన్ను శుభ్రంగా ఉందని ఎస్తేరు చెప్పింది. మెదడు ఎడంవైపును పట్టించుకోవడం మానేసింది. నా సంపుటంలో మెదడు దగ్గర ఇదంతా ఉంది. చదివినప్పుడు ఎక్కడో ఎవరికో జరిగే వింత అనుకున్నాను. ఇప్పుడు మా అక్క తల కుడివైపు మాత్రమే దువ్వుకుంటుంది. గుమ్మం ముందు ముగ్గు కుడి సగం వేసి, బావుందా అంటుంది. తన ఎడం చెయ్యి తన ఒళ్లోనే ఉంటే, "ఒరే గవర్రాజూ, ఈ చెయ్యి తీయరా, బరువుగా ఉంది," అంటుంది. నాదనుకుంటోంది.

నేను ఎడంపక్కన కూర్చుని పిలిస్తే కుడివైపు వెతుకుతుంది. "ఎక్కడ చచ్చేవురా? గొంతు వినబడుద్ది, మనిషి కనపడడు."

"ఇక్కడే ఉన్నానే."

"ఉంటే కనపడొచ్చు కదా."

పళ్లెంలో కుడి సగం తిని, చాలలేదని నా మీద అలుగుతుంది. ఎడం సగంలో కూర అలాగే ఉంటుంది. మన వడ్డనలో ఉప్పు, ఆవకాయ, పచ్చడి ఎడంపక్కనే కదా. ఉప్పు కోసం మేకకు మొలతాడు కట్టిన మనిషి, ఎదురుగా ఉన్న ఆవకాయను చూడలేకపోతోంది. అది ఉప్పులేని ఆవకాయే అనుకోండి, ఎస్తేరు ఆజ్ఞ. ఉప్పు లేకపోతే నిలవుండదు కాబట్టి ఏ పూటకాపూట నేనే కలుపుతున్నాను. బావుండదు. కానీ ఎర్రగా ఉంటుంది.

నేను కనిపెట్టిన ఉపాయం పళ్లెం తిప్పడం. అక్క కుడి సగం తినగానే పళ్లెం గుండ్రంగా తిప్పుతాను. మాయమైన కూర ప్రత్యక్షమవుతుంది. "అదిగో, దాచిపెట్టి ఇప్పుడేస్తున్నావ్ దొంగా," అంటుంది. హాయిగా తింటుంది. నాకూ హాయిగా ఉంటుంది.


జ్యేష్ఠ శుద్ధ నవమి

గాలి మారుతోంది. పడమటి మబ్బు కనిపించింది. తాళ్లు చూశాం, మూడోది మార్చాలి.

సరంగు వీర్రాఘవులు వచ్చాడు. జోడుదండం పెట్టి, పేరు చెప్పి, అక్కకి కుడిపక్క కూర్చున్నాడు. ఆషాఢంలో లంగరెత్తి ఉత్తరానికి పోవాలని, ఈ ఏడు గాలివానలు ముందే వచ్చేలా ఉన్నాయని చెప్పాడు. ఆ మాట ఇంటింటికీ తిరిగి చెప్పే అవసరం లేదు. చుక్కాని పట్టేది మా అక్క కాబట్టి ఏటా ముందు ఆవిడకి చెబుతాడు. ఆవిడ దగ్గరే నేర్చుకున్నాడు. చుక్కాని తప్పుగా తిప్పినప్పుడల్లా అతని నెత్తిన అక్క పెట్టిన మొట్టికాయలు నేను చూశాను.

ఈసారి చెప్పి, లేవలేదు.

"అత్తా, లంగరెత్తే ముందు అంచు పరీక్ష ఉంటది కదా."

"నాకెందుకురా? నేను పెట్టేదాన్ని."

"అందరికీ అత్తా. నాక్కూడా."

తెప్ప కదిలేటప్పుడు అంచులకు కట్టే తాళ్లు విప్పేస్తాం. అంచు కనపడని మనిషి నీళ్లలో పడుతుంది. అందుకని పరీక్ష నెగ్గని వాళ్లను ముందే మెట్టకు పంపేస్తారు. అక్కడ ఆదరణ ఇల్లుంది. మంచి ఇల్లే. చెట్లున్నాయి, మంచాలున్నాయి, కదలని నేల ఉంది. అక్కడికి వెళ్లినవాళ్లు తిరిగి తెప్ప ఎక్కడం నేను చూడలేదు. ఒక్క మనిషికే చోటిస్తారు. తోడుకి లేదు.

"కదలని నేల మీద నాకు వాంతులొస్తాయిరా," అంది అక్క. తర్వాత నవ్వి, "నెగ్గుతాలే. నాకేం తక్కువ? అన్నీ కనపడుతున్నాయి కదా," అంది.

వీర్రాఘవులు నావైపు చూశాడు. నేను గోడపెట్టె వైపు చూశాను.


జ్యేష్ఠ బహుళ పంచమి

గాలి పడమర. చినుకులు. పీపాలు నిండుతున్నాయి.

ఇవాళ ఎస్తేరు నన్ను తిట్టింది. రాసి పెట్టడం దినచర్య ధర్మం.

భోజనం వేళకు వచ్చింది. నేను పళ్లెం తిప్పుతుంటే చూసింది. అప్పుడేమీ అనలేదు. తర్వాత ఇంటి ముందు కూర్చుని తెప్పంతా గమనించింది. మా వాళ్లు మంచివాళ్లు. అక్కకి ఎడంపక్కన ఉంటే కనపడరని తెలిసిన దగ్గర్నుంచి అందరూ చుట్టు తిరిగి కుడిపక్కకే వచ్చి పలకరిస్తున్నారు. ఆవిడ నడిచే బాటలో ఎడంవైపు పీపాలన్నీ తీసేసి కుడివైపు పెట్టారు. ఆవిడ మంచం తిప్పి పెట్టారు. ఎవరూ అనుకుని చేసింది కాదు. గౌరవం కొద్దీ, ప్రేమ కొద్దీ ఏడో తెప్ప మొత్తం మా అక్కకి కుడిపక్కకు చేరిపోయింది.

"తాతగారూ, మీ సంపుటంలో ఫలకం అని ఏమైనా ఉందాండీ?" అంది ఎస్తేరు.

"ఉంది. రాతి ఫలకం, రాగి ఫలకం..."

"మీకొకటి చేయించాలండి. వరహాలమ్మగారిని మెట్టకు పంపించిన ఘనుడు అని."

నాకు కోపం వచ్చింది. "నేనేం చేశాను?"

"పళ్లెం తిప్పేరండి. పళ్లెం తిరిగితే ఆవిడ తలెందుకు తిరుగుద్దండీ? మెదడుకి పనుంటేనే దారి వెతుక్కుంటదండి. పాడైన దారి పక్కనుంచి కొత్త దారి వేసుకుంటది. మీరందరూ కలిసి ఆ పనే లేకుండా చేసేశారు. లోకాన్నే తెచ్చి ఆవిడ కుడిచేతిలో పెట్టేశారు. ఇంక ఎడంవైపుతో ఆవిడకేం అవసరమండీ?"

 నాకు భూకంపం గురించి చాలా తెలుసు. ఈ ముక్క తెలియలేదు.

సాయంత్రానికి ఎస్తేరు హుకుం అమల్లోకి వచ్చింది. అందరూ ఎడంపక్కకి. మాటలు, మందులు, మంచినీళ్లు, కొత్త వార్తలు అన్నీ ఎడంపక్క నుంచే. ఎస్తేరే అక్క పళ్లేనికి ఎడం అంచున ఎర్ర పట్టీ అంటించింది. ఆ పట్టీ కనబడేదాకా తల తిప్పాలి. తిప్పాకే తినాలి. ఎడం చెయ్యి బల్లమీద ఉండాలి, వేళ్లు ఆడిస్తూ ఉండాలి.

అక్క నన్ను తిట్టింది. ఎస్తేరును తిట్టింది. పట్టీని తిట్టింది. పళ్లెం తిప్పమని నన్ను బతిమాలింది కూడా. ఆవిడ నన్ను బతిమాలడం ఇంతకుముందెన్నడూ ఎరగను. నా చేతులు రెండూ నేనే తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.


జ్యేష్ఠ బహుళ చతుర్దశి

గాలి నైరుతి. నీటిలో పోటు. తాళ్లన్నీ చూశాం. ఆషాఢం దాకా ఆగకుండా రేపే లంగరెత్తాలని సరంగు అన్నాడు. మెట్ట పడవ ఈ సాయంత్రం వస్తుంది.

పొద్దున అంచు పరీక్ష జరిగింది. తెప్ప నడిమి బాట మీద ఈ కొస నుంచి ఆ కొసకి నడవాలి. రెండు అంచుల్లోనూ జెండాలు గుచ్చుతారు. ఎక్కడ ఏ జెండా ఉందో వేలు పెట్టి చూపించాలి. ఇల్లిల్లూ ఖాళీ చేసి అందరూ వచ్చారు. ఎటుపక్క నిలబడాలో తెలియక వెనక నిలబడ్డారు.

అక్క చేతికర్ర పట్టుకుని నడిచింది. మొదట్లో బాగానే తల తిప్పింది. నాలుగడుగులయ్యాక, పరువు గుర్తొచ్చిందో ఏమో, సరంగులా ఠీవిగా ముందుకు చూస్తూ నడిచింది. కుడివైపు జెండాలన్నీ చెప్పింది. ఎడంవైపువి చెప్పలేదు. కొసకి పోయి వెనక్కి తిరిగి వస్తూ ఆగింది.

"ఒరే వీర్రాఘవులూ, ఇందాక ఇవి లేవు కదరా! ఇప్పుడెవరు గుచ్చేరు?"

ఒక్కళ్లూ నవ్వలేదు. అక్క మా మొహాలు చూసింది. తనే జవాబు తెలుసుకుంది. కర్ర కింద ఆనించి, "సరే. పడవ ఎప్పుడొస్తాదన్నావ్?" అంది.


అదే రోజు, మధ్యాహ్నం

పైన రాశాక కలం మూసేశాను. మళ్లీ తెరవాల్సి వచ్చింది.

సాగనంపే భోజనమని అందరూ వండుకొచ్చారు. తెప్ప నడిమి బాట మీదే పంక్తి వేశారు. వీర్రాఘవులు పప్పు వడ్డిస్తూ అక్క దగ్గరకొచ్చేసరికి గరిటె పక్కకు పోయింది. "కళ్లెక్కడ పెట్టావురా? చుక్కాని అలాగే తిప్పుతావా?" అని అక్క మందలించింది. అతను మొహం తిప్పుకున్నాడు.

నేను అక్కకు ఎడంపక్క కూర్చున్నాను. ఎస్తేరు హుకుం అనుకుని కాదు. ఎప్పుడూ అక్కడే కూర్చున్నాను కాబట్టి. ఆ వైశాఖంలో కలిపిన జాడీ ఇవాళ తెరిచారు. అక్క చేత్తో కలిపిన చివరి ఆవకాయ. అక్కకి నా ఉప్పులేనిది వేశారు. నాకు నా వంతు ముక్క వేశారు. టెంక ముక్క వచ్చింది. నాకు తినబుద్ధి కాలేదు. పళ్లెం అంచున అలా ఉండిపోయింది.

పక్కన ఎవరో ఉత్తరపు గాలుల గురించి చెబుతున్నారు. నేను వినడం లేదు. నా పళ్లెంలోకి ఏదో వచ్చింది.

చెయ్యి. వేళ్లు వణుకుతున్నాయి. ఎర్ర పట్టీ దాటి, పళ్లెం అంచు దాటి, మా ఇద్దరి మధ్య ఉన్న చెక్క దాటి, పాకుతున్నట్టు వచ్చింది. ఎడం చెయ్యి. అది నా టెంక ముక్కను పట్టుకోవడానికి ప్రయత్నించింది, జారింది, మళ్లీ పట్టుకుంది.

నేను తలెత్తాను. అక్క మొహం పూర్తిగా నావైపు తిరిగి ఉంది. ఆవిడ రెండు కళ్లూ నా పళ్లెంలో ఉన్నాయి. దాదాపు రెండు నెలల నుంచి ఆ మొహం అంత ఎదురుగా నేను చూడలేదు.

"ఏంట్రా అలా చూస్తావ్? తింటావని చూశాను. తినవు, పెట్టవు," అంది.

"అక్కా, ఏ చేత్తో తీశావో చూసుకో."

చూసుకుంది. ఆ చెయ్యి తనదేనని అప్పుడు తెలిసినట్టుంది. ఊరగాయ నూనె మోచేతిదాకా కారుతున్నా ముక్క వదల్లేదు.

 ఎదుటి వరసలోంచి ఎస్తేరు లేచి వచ్చింది. ముక్క లాక్కుంటుందనుకున్నాను. లాక్కుంది. నా గ్లాసులో వేసి, వేలితో తిప్పి, ఉప్పూ కారం పోయేదాకా కడిగింది. కడిగిన ముక్కను అక్క ఎడం చేతిలో పెట్టింది.

"తినండి. తిన్నాక నడవాలండి."

"మళ్లీనా?" అన్నాడు వీర్రాఘవులు. అన్నాడే గాని అప్పటికే గరిటె పారేసి జెండాల కోసం పరిగెత్తుతున్నాడు. ఈసారి చోట్లు మార్చి గుచ్చాడు. నన్ను కూర్చున్నచోటే కూర్చోమన్నాడు.

అక్క టెంక చీకుతూ లేచింది. ఠీవి లేదు, పరువు లేదు. ప్రతి అడుగుకీ ఎడంవైపుకు తల తిప్పి, పొరుగు పళ్లెంలో ఇంకేమైనా మిగిలిందా అన్నట్టు చూసుకుంటూ పోయింది. "పచ్చది. ఇటు ఎర్రది. ఇదిగో, ఇక్కడ ఇంకోటి. అటు పసుపు." నెమ్మదిగా పోయింది. పప్పు చల్లారిపోయింది. ఎవరూ పళ్లెం ముట్టలేదు. కొస దాకా పోయి నిలబడింది.

వీర్రాఘవులు గొంతు సవరించుకున్నాడు. "ఎడమవైపు ఒకటి చెప్పలేదత్తా."

"ఏది?"

అతను చూపించాడు. గాలికి గుడ్డ కర్రకి చుట్టుకుపోయి ఉంది.

"చుట్టుకుపోయిన దాన్ని జెండా అనరు, కర్ర అంటారు. కర్రలు కూడా చెప్పమన్నావా? చెప్పమంటే ముందు నువ్వు పొద్దున వదిలేసిన ఆ లంగరు తాడు చెబుతా. ఎడంపక్కదే. అది జారుతుంది, చూసుకో."

వీర్రాఘవులు చూసుకున్నాడు. జారుతోంది. అతను తాడు దగ్గరికి పరిగెత్తాడు. పరిగెడుతూనే, మెట్ట పడవకు కబురు పంపండర్రా, రావద్దని చెప్పండి, అని అరిచాడు.


జ్యేష్ఠ అమావాస్య

గాలి నైరుతి, జోరు. లంగరు తాళ్లు నాలుగూ పైకి లాగేశాం. పీపాలు నిండుగా ఉన్నాయి. తెల్లవారగానే తెప్ప కదిలింది. మేక ఆరోగ్యంగా ఉంది. దాని మెడలో ఏమీ లేదని స్వయంగా చూసి రాస్తున్నాను.

చుక్కాని దగ్గర వరహాలమ్మ. తోడుగా వీర్రాఘవులు చెయ్యి వేస్తానన్నాడు. మొట్టికాయ తిన్నాడు. ఆ తర్వాత చెయ్యి వెయ్యనిచ్చింది. ఆవిడ ఎడం చేతికి ఇంకా పూర్తిగా బలం రాలేదు, రోజూ పని చెయ్యాలని, మాత్రలు మానకూడదని ఎస్తేరు దిగిపోతూ చెప్పింది. నాకు కూడా ఒక మాత్ర రాసింది. గోడపెట్టె నా రక్తపోటు గురించి తెప్పంతా చాటింది. ఒకరి గురించి అంత దిగులు పడితే ఇలాగే ఉంటుందట. అది గుండెకి సంబంధించిన విషయం, నాకు తెలియదు.

నా పని ఎడమ అంచు కాపలా. అక్కకి ఎడంపక్క పీట వేసుకుని కూర్చున్నాను. ఒళ్లో దినచర్య పెట్టుకుని రాస్తున్నాను. ఎండ ఎక్కుతోంది. మిగతా తెప్పలు ఒక్కొక్కటిగా వెనక నుంచి వస్తున్నాయి.

"ఒరే, ఎడంపక్క ఏముంది?" అంది అక్క.

"ఎనిమిదో తెప్ప. దగ్గరగానే వస్తోంది."

"అది నాకూ కనబడుతుందిలే," అంది, తల తిప్పి నావైపు చూస్తూ. "నువ్వున్నావా లేదా అని అడిగాను."

"ఉన్నానే."